పక్క గడిలో సంతకం

ఆయన చెయ్యని తప్పుకి ఆయన చేతే సంతకం పెట్టించారు. పెట్టించడానికి వాళ్లకి నాలుగు నిమిషాలు పట్టింది. ఎందుకు పెట్టానో తెలుసుకోవడానికి ఆయనకి ఏడాదిన్నర పట్టింది. మధ్యలో కంపెనీవారు దయతలచి ఆయన మనసుకి చికిత్స ఇప్పించారు. తప్పు చేసినవాళ్లకి ఏ జబ్బూ లేదు కాబట్టి వాళ్లకి ప్రమోషన్ ఇచ్చి సరిపెట్టుకున్నారు.

ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని భూతద్దం అనేవాళ్లు. అది దగ్గుమందు పోసే సీసాలు తయారుచేసే ఫ్యాక్టరీ. గోధుమరంగు సీసాలు బెల్టు మీద వరసగా నడిచి వస్తాయి. వెనక తెల్లటి లైటు, ముందు ఒక స్టూలు. స్టూలు మీద కూర్చున్న మనిషి పని చూడటం. పగులున్నదీ, బుడగ ఉన్నదీ, మెడ వంకరగా ఉన్నదీ కంటపడగానే తీసి పక్కనున్న తొట్టిలో పడెయ్యాలి. పదహారేళ్లుగా భూతద్దం చేసింది ఇదే. మిగతావాళ్లు రెండుసార్లు చూసినా దొరకని వెంట్రుకంత పగులు ఆయనకి సీసా ఇంకా రెండడుగుల దూరంలో ఉండగానే దొరికేది.

ఆ పనికి ఒక నియమం ఉంది. ఇరవై నిమిషాలకి మించి ఎవరూ స్టూలు మీద కూర్చోకూడదు. ఇరవై దాటితే కన్ను మోసం చేస్తుంది. ఉన్న పగులు కనబడదు, లేని పగులు కనబడుతుంది. అందుకని టైము కాగానే జోడీ మనిషి వచ్చి భుజం తడతాడు. లేచినవాడు ఎప్పటినుంచి ఎప్పటిదాకా కూర్చున్నాడో చీటీ మీద రాసి, సంతకం పెట్టి, తను చూసిన సీసాల అట్టపెట్టెలో వేస్తాడు.

ఒకరోజు సూపర్‌వైజర్ మొదటి లైటు జోడీ మనిషిని లారీలోకి పెట్టెలు ఎక్కించే పనికి పంపించేశాడు. ఆ లైటు దగ్గర భూతద్దం బావమరిది, అంటే ఆయన భార్యకి సొంత తమ్ముడు, గంటా పది నిమిషాలు ఏకబిగిన కూర్చున్నాడు. భుజం తట్టే దిక్కు లేదు. మూడు వారాల తర్వాత మందుల కంపెనీ నుంచి నలభై రెండు అట్టపెట్టెలు తిరిగొచ్చాయి. అన్నింట్లోనూ అడుగు పగిలిన సీసాలు. పైన చీటీ, చీటీ మీద గంటా పది నిమిషాలు, కింద బావమరిది సంతకం.

ఆ చీటీ పైకి వెళ్తే ఇద్దరు మునుగుతారు. చూడనివాడూ, లారీకి పంపినవాడూ. అందుకని సూపర్‌వైజర్ ఇరవయ్యేసి నిమిషాల కొత్త చీటీలు రాసి, ఆ వేళ రెండో లైటు దగ్గర కూర్చున్న భూతద్దాన్ని తన గాజు క్యాబిన్‌లోకి పిలిచాడు.

"చూడవయ్యా, కుర్రాడింకా పర్మనెంటు కాలేదు. ఇది పైకెళ్లిందంటే రేపు గేటు బయటుంటాడు. నీది పదహారేళ్ల సర్వీసు. నిన్నెవడేమంటాడు?"

బావమరిది తలుపు దగ్గర నిలబడి తన బూట్లకేసి చూసుకుంటున్నాడు.

"బావా..." అన్నాడు. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అనలేదు. అవసరం కూడా పడలేదు.

"పెన్నివ్వండి" అన్నాడు భూతద్దం.

సూపర్‌వైజర్ పెన్ను రాయలేదు. భూతద్దం తన జేబులోంచి తన పెన్ను తీసి సంతకం పెట్టాడు. తర్వాత చాలాకాలం ఆయన్ని పొడిచింది సంతకం కన్నా ఎక్కువగా ఈ పెన్నే.

నిన్నెవడేమంటాడు అన్నాడు గదా సూపర్‌వైజర్, అందరూ అన్నారు. క్యాంటీన్ గోడ మీద ఆయన ఫొటో అంటించి, కింద పగిలిన సీసా ఒకటి దారంతో వేలాడదీశారు. పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు నాణ్యత పాఠం అని ఉంటుంది. అందులో ఆయన కథ చదివేవాళ్లు. రెండు నెలలకి బావమరిది పర్మనెంటయ్యాడు. గొంతు బాగుందని ఆ పాఠం చదివే బాధ్యత అతనికే అప్పజెప్పారు. బాగానే చదివేవాడు. 'అజాగ్రత్త' అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగి మరీ చదివేవాడు.

ఆ తర్వాతనుంచి భూతద్దానికి అన్నింట్లోనూ పగుళ్లు కనబడటం మొదలైంది. బెల్టు మీద మంచి సీసాలు తీసి తొట్టిలో పడేసేవాడు. ఒకరోజు పదకొండుసార్లు బెల్టు ఆపించాడు. ఇంట్లో మంచినీళ్లిస్తే తాగేముందు గ్లాసు ట్యూబులైటుకి ఎత్తి తిప్పి తిప్పి చూసేవాడు.

"అది స్టీలు గ్లాసండీ!" అని భార్య నెత్తి కొట్టుకుంది. "దాన్లోంచి మీకేం కనబడుతుంది?"

"చూడనీ."

"నిన్న నా మొహం కూడా అలాగే చూశారు. తీసి తొట్టిలో పడేస్తారేమోనని హడలిపోయాను."

ఆయన నవ్వలేదు. అప్పుడు భయమేసింది ఆవిడకి.

కంపెనీకి కూడా భయమేసింది. బెల్టు పదకొండుసార్లు ఆగితే భయం వెయ్యక ఏమవుతుంది? ఆ ఏడాదే 'మనసు బాగుంటే సీసా బాగుంటుంది' అని పోస్టర్లు వేయించి, మంగళవారం మంగళవారం వచ్చేలా ఒక కౌన్సెలర్‌ని పెట్టారు. పోస్టర్లు మూడు వందలు, కౌన్సెలర్ ఒక్కతే.

"ఆరు సిట్టింగులు" అన్నాడు సూపర్‌వైజర్. "ఆవిడ నీ బుర్ర బాగుచేసి ఫిట్ అని సర్టిఫికెట్ రాసిస్తుంది. అది తెచ్చుకో, నీ స్టూలు నీదే. అప్పటిదాకా పెంకుల యార్డులో ఉండు."

పెంకుల యార్డు అంటే పగిలిన సీసాలు గుట్టపోసే చోటు. మళ్లీ కొలిమిలో కరిగించడానికి పారతో తొట్లలోకి ఎత్తాలి. పదహారేళ్లు పగుళ్లని ఏరిపారేసిన మనిషిని తెచ్చి పగుళ్ల మధ్యన నిలబెట్టారు. ఆయనకి ఆ స్టూలు కావాలి. ఆ లైటు ముందు తప్ప తను ఎక్కడా ఎందుకూ పనికిరానని ఆయన నమ్మకం.

కౌన్సెలర్‌కి ఇచ్చిన గది అంతకుముందు చేతితొడుగులు దాచే గది. రబ్బరు వాసన ఇంకా పోలేదు. రెండు కుర్చీలు, ఒక చిన్న బల్ల. ఆవిడకి ముప్పై ఏళ్లుంటాయేమో. భూతద్దం కూర్చోకుండానే జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి ఆవిడ ముందు పెట్టాడు.

"ఇదేంటండీ?"

"నా లోపాల పట్టికమ్మా. చూసి సంతకం పెడితే వెళ్లిపోతాను. లైను దగ్గరైతే రెండు నిమిషాల పని."

అది సీసాలకి వాడే ఫారమే. లోపం, తీవ్రత, సంఖ్య, చర్య అని నాలుగు గడులు. ఆవిడ పైకి చదివింది. "అనుమానం. తీవ్రత పెద్దది. సంఖ్య రోజుకి నలభై. ఆకలి లేకపోవడం, చిన్నది. భార్య మీద విసుగు, పెద్దది, సంఖ్య... లెక్క పెట్టలేదు." తలెత్తింది. "చర్య గడి ఖాళీగా ఉంది?"

"అది మీరు నింపాలి. పక్కన పడెయ్యాలి అనో, కరిగించాలి అనో."

"ఈ రెండేనా?"

"సీసాకైతే ఇవే."

ఆవిడ నవ్వలేదు, జాలిపడలేదు కూడా. ఆ రెండిట్లో ఏది చేసినా ఆయన రెండో మంగళవారం వచ్చేవాడు కాదు. కాగితం బల్ల మీద ఆయన వైపుకి తిప్పి పెట్టి రెండు సంగతులు చెప్పింది. ఇక్కడ మాట్లాడింది, ఎవరి ప్రాణానికైనా ముప్పుంటే తప్ప, ఈ గది దాటదు. రెండోది, ఫిట్ సర్టిఫికెట్ ఇవ్వడం ఆవిడ పని కాదు. వచ్చారు, కూర్చున్నారు అని మాత్రం రాస్తుంది.

భూతద్దం అప్పటికి కుర్చీలో కూర్చున్నాడు. "మరి సలహా ఇస్తారా?"

"చాలా తక్కువ."

"మందు?"

"నేను రాయను. అవసరం అనిపిస్తే మందుల డాక్టర్ దగ్గరికి వెళ్లమని చెప్తాను."

"మరి మీరేం చేస్తారమ్మా?" పాపం, నిజంగానే అడిగాడు.

"మీ పట్టికలోంచి ఒకదాన్ని మీరే ఎంచుకోండి. ఇప్పుడు మిమ్మల్ని బాగా ఇబ్బంది పెడుతున్నదాన్ని. ఇద్దరం కలిసి దాని సంగతి చూద్దాం. ఆరు వారాల్లో ఎంత అయితే అంత."

మిగతావాటి మాటేంటని అడగాలనుకుని, ఆవిడ నొచ్చుకుంటుందేమోనని ఊరుకున్నాడు. నలభై అనుమానాల మీద వేలు పెట్టాడు.

రెండో మంగళవారం ఆవిడ ఆయన పని గురించి అడిగింది. ఇరవై నిమిషాల నియమం చెప్పాడు. ఆవిడకి ఆ నియమం తెగ నచ్చింది.

"ఇరవై దాటితే లేని పగులు కనబడుతుందన్నారు. మరి మీరు ఆ విషయం గురించి రోజుకి ఎన్ని నిమిషాలు ఆలోచిస్తున్నారు?"

భూతద్దం వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. ఒక చెయ్యి చాల్లేదు. "పొద్దున్నుంచీనమ్మా."

"మిమ్మల్ని మార్చే జోడీ మనిషి లేడన్నమాట."

అలా ఏర్పాటైంది ఆ కొత్త డ్యూటీ. రోజూ సాయంత్రం ఆరింటికి బాల్కనీలో కుర్చీ వేసుకుని ఇరవై నిమిషాలు తనివితీరా బాధపడాలి. మధ్యాహ్నం బాధొస్తే ఆరింటికి రమ్మనాలి. టైము కాగానే భార్య వచ్చి భుజం తట్టాలి. ఏ వస్తువునైనా ఒక్కసారే చూసి 'చూశాను' అని పైకి అని కింద పెట్టెయ్యాలి.

భార్య మొదట నమ్మలేదు. "దీనికా ఆవిడకి జీతమిస్తున్నారు? బాధపడమని చెప్పడానికి? అది నేను పెళ్లైన దగ్గర్నుంచీ ఉచితంగా చేస్తున్నాగా!" కానీ గడియారం పట్టుకుని నిలబడింది. మూడో రోజుకి హుషారొచ్చింది. "లేవండి లేవండి, షిఫ్టు అయిపోయింది. చీటీ రాసిచ్చి కదలండి" అనేది. వారం పోయాక ఒక సాయంత్రం భూతద్దం పన్నెండు నిమిషాలకే లేచి లోపలికొచ్చేశాడు.

"ఏం, ఇవాళ బాధ స్టాకు లేదా?"

"విసుగొచ్చింది" అన్నాడు.

నాలుగో మంగళవారానికి నలభై కాస్తా ఆరు అయ్యాయి. స్టీలు గ్లాసుల్ని వదిలేశాడు, గాజువాటినే చూస్తున్నాడు. తింటున్నాడు. ఇంట్లో మాట్లాడుతున్నాడు. కంపెనీ పోస్టరు మీద రాసుకోదగ్గ విజయం. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఆ పోస్టరు పక్కనే అంటించేవాళ్లు.

ఐదో మంగళవారం కుర్చీలో కూర్చోగానే, ఎవరూ అడక్కుండానే, "ఆ చీటీ నాది కాదమ్మా" అన్నాడు.

మొత్తం చెప్పాడు. లారీ, గంటా పది నిమిషాలు, బావమరిది బూట్లు, రాయని పెన్ను. కౌన్సెలర్ చివరిదాకా వింది. తర్వాత మెల్లిగా అడిగింది.

"ఎందుకు పెట్టారు సంతకం?"

"పెట్టమన్నారు కదండీ." అంతకంటే తేలికైన ప్రశ్న ప్రపంచంలో లేదన్నట్టు చెప్పాడు. ఆ తర్వాత, "ఎప్పుడూ పెడతానుగా" అన్నాడు. చిన్నప్పుడు బళ్లో కిటికీ అద్దం పగిలితే తనే అన్నాడట, ఆరోజు బడికే వెళ్లలేదట. అన్నయ్య పోగొట్టిన సైకిలు. పక్కింటివాళ్ల మేడ మీద కారిన నీళ్లు. చెప్తూ చెప్తూ ఉండగా ఆయన మోకాలు దానంతటది కొట్టుకోవడం మొదలైంది. చేత్తో పట్టుకుని ఆపాలని చూశాడు, ఆగలేదు.

ఆవిడ కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుని, నీళ్లిచ్చి, ఆ మోకాలు నెమ్మదించేదాకా వేరే మాటలు మాట్లాడింది. అప్పుడు చెప్పింది. ఇది ఈ ఏడాది పగులు కాదు. మిగిలిన ఒక్క సిట్టింగులో, ఈ రబ్బరు గదిలో, దీన్ని కదిపి సగంలో వదిలెయ్యడం ఆవిడకి ఇష్టం లేదు. దీనికి సైకోథెరపీ అని ఉంటుంది. అదీ మాటలే, మందులు కాదు. కాకపోతే నెలలు పట్టచ్చు, ఏళ్లు పట్టచ్చు. దాని కోసం ప్రత్యేకంగా చదువుకున్నవాళ్లుంటారు. కౌన్సెలింగ్ ఇప్పుడు కాలికి గుచ్చుకున్నదాన్ని చూస్తుంది. థెరపీ ఆ కాలు ఎప్పుడూ అటే ఎందుకు నడుస్తుందో చూస్తుంది. రెండిటి మధ్యా గోడేమీ లేదు, కొందరు రెండూ చేస్తారు. "నేను మాత్రం మొదటిదే నేర్చుకున్నాను" అంది.

భూతద్దం దాన్ని తన లెక్కలోకి మార్చుకున్నాడు.

"మా ఫ్యాక్టరీలో కూడా రెండు వైపులుంటాయమ్మా. కొలిమి దగ్గర వేడి వైపు, మా లైటు దగ్గర చల్లని వైపు. పగిలిన సీసా వస్తే మేం తీసేస్తాం. కానీ ఒకేచోట పగిలినవి వరసగా వస్తుంటే ఇక్కడ కూర్చుని ఏరి లాభం లేదు. ఎవడో ఒకడు లేచి వేడి వైపుకి నడిచెళ్లాలి. చల్లార్చే పొయ్యిలో తొందరపెట్టారేమో చూడాలి. తొందరగా చల్లారిన సీసా చూడ్డానికి బాగానే ఉంటుంది. ఎప్పుడో ఎవడో బల్ల మీద పెట్టగానే టప్పుమంటుంది."

"నేనింత బాగా చెప్పలేదు" అంది ఆవిడ. "ఒక్కటే తేడా. మిమ్మల్ని తీసి ఏ తొట్టిలోనూ పడెయ్యరు."

ఆరో మంగళవారానికి ముందే సూపర్‌వైజర్ ఒక కాగితం టైపు చేయించి పట్టుకొచ్చాడు. 'నా అజాగ్రత్త వల్ల జరిగిన తప్పును కౌన్సెలింగ్ ద్వారా గ్రహించాను. నా మనస్తత్వం మారింది. కంపెనీకి కృతజ్ఞుడిని.' కింద సంతకానికి గీత. ఆ గీత మీద నాలుగక్షరాలు పడితే స్టూలు దొరుకుతుంది. కౌన్సెలర్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే మనమే రాసుకుంటే సరిపోయె అన్నది అతని తెలివి.

ఆఖరి సిట్టింగు మొత్తం ఆ కాగితం మీదే గడిచింది. పెట్టమంటారా వద్దంటారా అని భూతద్దం మూడుసార్లు అడిగాడు. కౌన్సెలర్ మూడుసార్లూ చెప్పలేదు. పెడితే రేపు పొద్దున ఎలా ఉంటుంది, ఆర్నెల్లకి ఎలా ఉంటుంది, పెట్టకపోతే ఎలా ఉంటుంది అని ఆయన చేతే చెప్పించింది. ఏదీ తేలలేదు. తేలింది ఒక్కటే, ఇవాళే చెప్పాలని ఎక్కడా రాసిలేదు.

బయటికొచ్చి, "రేపు చెప్తానండీ" అన్నాడు సూపర్‌వైజర్‌తో. తన ముందు పెట్టిన కాగితానికి ఆయన ఆ మాట అనడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"రేపేంటయ్యా?" సూపర్‌వైజర్ అన్నాడు. "ఏం నేర్పింది నీకావిడ?"

ఆ రేపు ఏడాది సాగింది. కాగితం మడతల దగ్గర చినిగేదాకా భూతద్దం చొక్కా జేబులోనే ఉంది. ఆయన పెంకుల యార్డులోనే ఉన్నాడు. మూడింటికి షిఫ్టు దిగి, గురువారం గురువారం ఊళ్లో పెద్దాసుపత్రి పై అంతస్తుకి వెళ్లేవాడు.

అక్కడి థెరపిస్టు పెద్దాయన. ఎప్పుడూ కొంచెం జలుబు. పట్టికలు అడగడు, డ్యూటీలు వెయ్యడు. ఎదురుగా కూర్చుని, మీరు చెప్పండి అన్నట్టు చూస్తాడు. మొదటి నెల భూతద్దం ఫ్యాను చప్పుడు విని వచ్చేవాడు.

"వారం వారం వెళ్లి ఏం చేస్తున్నారు?" అంది భార్య.

"కూర్చుంటున్నా."

"కూర్చోడానికి మనింట్లో కుర్చీ లేదా? బస్సెక్కి వెళ్లి కూర్చోవాలా? ఆ అమ్మాయే నయం, ఆరు వారాల్లో నా గ్లాసులు నాకిప్పించింది."

ఆయనక్కూడా ఆ అనుమానం ఉంది. నాలుగు మాటలు చెప్పి పంపిస్తే పోయేదానికి ఈ మౌనం ఎందుకో తెలియలేదు. మానేద్దామనుకున్న వారమే థెరపిస్టు పదిహేను నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. ఆయన రాగానే భూతద్దం లేచి నిలబడి, "సారీ అండీ" అన్నాడు.

పెద్దాయన ముక్కు తుడుచుకుని కూర్చున్నాడు. "ఆలస్యంగా వచ్చింది నేను. సారీ మీరు చెప్పారు."

అంతే అన్నాడు. భూతద్దానికి ఆ వారమంతా బాల్కనీలో అదే డ్యూటీ.

కానీ తలుపు నిజంగా తెరుచుకున్నది ఇంకో నెలకి. తెరిచింది థెరపిస్టు కాదు, కింద రిజిస్టరు దగ్గర కూర్చునే గుమస్తా. వచ్చినవాళ్లందరూ తమ పేరు పక్కన సంతకం పెట్టాలి. గుమస్తా ఫోన్లో మాట్లాడుతూ, చూడకుండా వేరెవరి పేరు పక్కనో వేలు పెట్టి "ఊఁ" అన్నాడు. భూతద్దం అక్కడే పెట్టి పైకి వచ్చాడు. వచ్చి అదొక జోకులాగా చెప్పాడు.

"ఇవాళ పక్కవాడి గడిలో పెట్టానండీ సంతకం. ఎవరో మోకాళ్ల నొప్పులాయన."

"చూసే పెట్టారా?"

"చూడకపోవడమేంటండీ, పదహారేళ్లు చూసిన కళ్లు. పేరు కూడా చదివాను. కానీ ఆయన వేలు అక్కడ పెట్టాడు కదా. పాపం, ఫోన్లో ఉన్నాడు. తప్పు అని చెప్తే మళ్లీ కొట్టేయాలి, చికాకుపడతాడు, ఎందుకు గొడవ..."

నవ్వుతూ మొదలుపెట్టిన మాట గొడవ దగ్గర ఆగిపోయింది. ఆయన గొంతు ఆయనకే వేరేగా వినబడింది. అప్పుడు అమ్మ గుర్తొచ్చింది.

అమ్మకి తలనొప్పి ఉండేది. మామూలు తలనొప్పి కాదు, తలుపులన్నీ మూసి తడిగుడ్డ వేసుకుని పడుకునే తలనొప్పి. ఇంట్లో ఏదైనా పగిలితే అన్నయ్య నువ్వంటే, నాన్న ఎవడ్రా అని అరిస్తే, లోపల్నుంచి అమ్మ మూలుగు. ఆరేళ్ల భూతద్దం ఒక ఉపాయం కనిపెట్టాడు. ఎవరేం పగలగొట్టినా వెంటనే "నేనే" అనెయ్యడం. ఒక దెబ్బ పడేది. అంతే, ఇల్లు చల్లబడేది. మూలుగు ఆగేది. ఆ ఉపాయం అంత బాగా పనిచేసింది కాబట్టి దాన్ని మళ్లీ ఎప్పుడూ పరీక్షించి చూసుకోలేదు. అమ్మ పోయి ఇరవై ఏళ్లయ్యాక కూడా, ఎవరి మొహంలో చిరాకు కదిలినా ఆయన నోరు "నేనే" అనేది, చెయ్యి పెన్ను తీసేది.

ఇదంతా ఆ ఒక్క గురువారమే అర్థమైపోయిందనుకుంటే పొరపాటు. ముక్కలు ముక్కలుగా వచ్చింది. కొన్ని వారాలు ఏమీ రాలేదు. కొన్ని వారాలు థెరపిస్టు మీదే ఒళ్లుమండింది. ఒకసారి ఆ కోపాన్ని ఆయన మొహం మీదే అనేసి, ఇల్లు కూలిపోతుందేమోనని కళ్లు మూసుకున్నాడు. కూలలేదు. పెద్దాయన తుమ్మి, "ఇంకా చెప్పండి" అన్నాడు. కిందికి దిగుతూ రిజిస్టరు దగ్గర ఆగి, "అయ్యా, ఇందాక మీరు చూపించిన పైగడి నాది కాదు, నాది కింద ఉంది" అని గుమస్తాతో అన్నాడు. గుమస్తా చికాకుపడ్డాడు. ఎవరికీ తలనొప్పి రాలేదు.

భార్యకి చెప్పడమే ఆఖరు మెట్టు. ఒక సాయంత్రం ఆరూ ఇరవైకి ఆవిడ వచ్చి భుజం తట్టింది. ఆయన లేవలేదు.

"ఇంకో ఐదు నిమిషాలు కూర్చో. ఆ చీటీ నాది కాదు. మీ తమ్ముడిది."

ఆవిడ ఆయన చెప్పిందంతా విని, గడియారం కిందపెట్టి, ఏడుస్తుందనుకుంటే మండిపడింది. "ఏడాదిన్నరగా వాడింటికి వెళ్లినప్పుడల్లా, 'మీ బావ చేసిన పనికి నీకూ తలవంపులైందిరా' అని నేను వాడికి సారీ చెప్తున్నానండీ! ఆ వెధవ ఏమంటున్నాడో తెలుసా? 'పర్లేదక్కా, మనిషన్నాక పొరపాటు చేస్తాడు' అంటున్నాడు! క్షమించేస్తున్నాడు మిమ్మల్ని!"

భూతద్దం ఏడాదిన్నర తర్వాత మొదటిసారి పగలబడి నవ్వాడు. ఆవిడ ఇంకాసేపు కోపంగా ఉండాలని చూసి కుదరక తనూ నవ్వింది. తర్వాత ఏడ్చింది. తమ్ముడు కదా.

మర్నాడు ఆయన జేబులోని కాగితం తీసి, టైపు చేసిందంతా అడ్డంగా కొట్టేసి, కింద రాశాడు. 'ఆ చీటీలు నావి కావు. ఆ గంటలో నేను రెండో లైటు దగ్గర ఉన్నాను. మొదటి లైటు దగ్గర మనిషిని మార్చలేదు.' తన పెన్నుతోనే రాసి, సంతకం పెట్టి, తీసుకెళ్లి ఆఫీసులో ఇచ్చాడు.

పిడుగు పడుతుందనుకున్నాడు. రెండు వారాల తర్వాత జవాబు వచ్చింది. 'ఉద్యోగి తన తప్పును అంగీకరించలేని మానసిక స్థితిలో కొనసాగుతున్నట్టు గమనించడమైనది. సానుభూతితో పరిశీలించి మరో ఆరు సిట్టింగులు మంజూరు చేయడమైనది.' స్టూలు మాట లేదు. క్యాంటీన్ గోడకి రంగులు వేసినప్పుడు ఫొటో మాత్రం ఎటో పోయింది. దారానికి వేలాడే సీసా ఉండిపోయింది, ఎందుకుందో కొత్తవాళ్లకి తెలియదు.

భూతద్దం ఆ ఉత్తరాన్ని మడిచి జేబులో పెట్టుకుని పార అందుకున్నాడు. స్టూలు మీద కోరిక చావలేదు. కానీ అది లేకపోతే తను ఎందుకూ పనికిరానన్న నమ్మకం మాత్రం ఎక్కడో జారిపోయింది. వెతుక్కోలేదు.

ఇంకో నాలుగు నెలలకి బావమరిది యార్డుకి వచ్చాడు. అప్పటికి అసిస్టెంట్ సూపర్‌వైజర్. పాలిష్ బూట్లతో పెంకుల మీద నడవలేక నడవలేక వచ్చి, బోర్లించిన తొట్టి మీద కూర్చున్నాడు. తర్వాతి నెలలోనే అతన్ని వేరే ఊరి ఫ్యాక్టరీకి మార్చేశారు కాబట్టి ఈ ఫ్యాక్టరీలో వాళ్లిద్దరూ కలుసుకోవడం అదే ఆఖరు.

"బావా, మళ్లీ పెట్టెలు తిరిగొచ్చాయి. నలభై నిమిషాలు మార్చలేదొకణ్ని. ఆర్డరు నాదే" అన్నాడు. "పైవాళ్లు పొద్దున్నే వస్తున్నారు. ఆ రోజు మనుషులు తక్కువై నిన్ను లైటు దగ్గరికి పిలిచామని రాస్తాం. నీ పేరైతే ఎవడూ ఆశ్చర్యపోడు బావా. ఒక్క సంతకం."

భూతద్దం చెయ్యి అలవాటు కొద్దీ జేబు మీదకి వెళ్లింది. అతను అది చూశాడు. భూతద్దం కూడా చూశాడు. చెయ్యి కాసేపు అక్కడే ఉంది.

"బావా... నాకు వారం నుంచి ముద్ద దిగట్లేదు. ఏం చెయ్యను?"

భూతద్దం జేబులోంచి పెన్ను కాదు, మడత పెట్టిన కంపెనీ ఉత్తరం తీసి అతని చేతిలో పెట్టాడు.

"నా పేరున ఆరు సిట్టింగులున్నాయిరా. నాకు అక్కర్లేదు, నాది వేరేచోట నడుస్తోంది. మంగళవారం వెళ్లు, ఆ అమ్మాయి మంచిది. అక్కడ రిజిస్టరు ఉంటుంది. దాంట్లో సంతకం మాత్రం నీ గడిలో నువ్వే పెట్టు."